ఊరిని అడగాలన్న మాట ఎలా పుట్టింది

ఎండలు ముదిరాక భద్రాచలం అడవి అంచున చిన్న వాగులన్నీ ఇసుక పరుచుకుని పడుకుంటాయి. పైకి చుక్క నీరు కనపడదు. పొద్దు పొడవకముందే గూడెం ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వచ్చి, ఇసుకలో ఒకచోట కూర్చుని చేతులతో తవ్వుతారు. మోచేయి లోతు వరకు పొడి ఇసుక, తరువాత చెమ్మ, దాని కింద నీరు. మొదట ఊరిన మురికినీళ్లను చిప్పతో తోడి పారబోస్తారు. రెండోసారి ఊరినవీ పారబోస్తారు. మూడోసారి వచ్చే నీరు తేటగా ఉంటుంది. బిందె మూతికి గుడ్డ కట్టి, చిప్పెడు చిప్పెడుగా పోస్తారు. బిందె నిండేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది. దీన్నే చెలమ అంటాం. ఎక్కడ తవ్వితే నీరు పడుతుందో అత్త కోడలికి చూపిస్తుంది. ఆ చోటు ఏ పటంలోనూ ఉండదు. కాగితాల మీద అది వాగు పోరంబోకు, కాకుంటే రిజర్వు ఫారెస్టు.

ఆ వాగు మీదుగా ఒక రోడ్డో, కాలువో, గ్యాస్ గొట్టమో పోవాలనుకుందాం. ఆ ఆడవాళ్లను అడగాలా, అక్కర్లేదా? అడగాలి అన్న మాట మన దేశంలో చట్టంగా నిలబడటానికి వందేళ్లు పట్టింది. ఆ వందేళ్లలో పెద్ద భాగం నడిచింది మన తెలుగు ఏజెన్సీలోనే. అంత కష్టపడి పుట్టిన మాట, గ్యాస్ పైపులైను దగ్గరికి వచ్చేసరికి పనిచేయకుండా పోయింది. ఎలా పుట్టిందో, ఎక్కడ జారిపోయిందో రెండూ చెప్పుకోవాలి.

భద్రాచలాన్ని అడగకుండా చేతులు మార్చడం పాత సంగతే. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంచారు, 1874లో గోదావరి జిల్లాలో కలిపారు. స్వతంత్రం వచ్చాక 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా కొన్ని సగంగా, ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. రాముడి గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని ఆయన భూములు ఇంకో రాష్ట్రంలో. ఇన్ని మార్పుల్లో కోయ గుంపులను, కొండరెడ్ల పల్లెలను పిలిచి మీకిది ఇష్టమేనా అని అడిగిన సందర్భం ఒక్కటీ లేదు.

అడగకపోతే ఏమవుతుందో 1879లోనే తెలిసింది. మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చాక భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతంలో పోడు మీద పన్ను ఒక్కసారిగా పెంచారు. అడవిలో కొన్ని చోట్ల చెట్టు కొట్టడమే తప్పన్నారు. పక్కనే రంపలో కల్లు మీద పన్నుతో రేగిన తిరుగుబాటు ఇక్కడికీ పాకింది. దాన్ని అణచడానికి సైన్యం నెలల తరబడి అడవిలో తిరగాల్సి వచ్చింది. ఆ తరువాత ప్రభుత్వం కాస్త ఆలోచనలో పడింది. కొండవాళ్ల భూమి మైదానంవాళ్ల చేతికి పోతూ ఉంటే ఈ మంట మళ్లీ మళ్లీ లేస్తుందని గ్రహించి, 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోవాలంటే ఏజెంటు అనుమతి తప్పనిసరి అయింది. ఏజెంటు అంటే కలెక్టరే. అడగాలన్న మాట చట్టంలోకి రావడం ఇదే మొదలు. కాకపోతే అడగాల్సింది దొరను, ఊరిని కాదు.

నిజాం రాజ్యంలోనూ కథ అలాగే నడిచింది. 1940లో ఆదిలాబాద్ జోడేఘాట్‌లో కొమురం భీంను చంపాక నిజాం ప్రభుత్వం కళ్లు తెరిచి హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గోండుల దగ్గరికి పంపింది. ఆయన 1941లో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి ఒక పుస్తకమే రాశాడు. ఆయన నివేదికల పునాది మీద 1940ల చివర్లో నిజాం రాజ్యంలో గిరిజన ప్రాంతాల నిబంధనలు వచ్చాయి. పాల్వంచ, ఇల్లెందు వైపు గూడేలకు దక్కిన మొదటి రక్షణ అది. అక్కడ కూడా అధికారి తండ్రిలా చూసుకుంటాడన్నదే ఆలోచన. తండ్రి లాంటి అధికారి బదిలీ అయితే ఏమిటన్న ప్రశ్నకు జవాబు లేదు.

ఈ రెండు పాయలూ తరువాత కలిశాయి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నిబంధన 1959 మార్చి 4న వచ్చింది, 1963 డిసెంబరులో తెలంగాణ ప్రాంతానికీ వర్తించింది. శ్రీకాకుళం కొండల్లో గిరిజన ఉద్యమం ఎగసిపడుతున్న రోజుల్లో, 1970 ఫిబ్రవరి 3న దానికి సవరణ వచ్చింది. మన ప్రాంతంలో పిల్లవాడిని అడిగినా చెప్పే 'వన్ ఆఫ్ సెవెంటీ' అదే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం గిరిజనేతరుడిదే. ఇంత గట్టి చట్టం దేశంలో చాలా అరుదు. భద్రాచలం, అశ్వారావుపేట వైపు ఎన్ని గూడేలు ఈ రోజుకీ తమ చోటనే ఉన్నాయంటే, ఆ మూడు మాటల పుణ్యం ఎంతో ఉంది.

అయినా ఒక తలుపు తెరిచే ఉంది. ప్రభుత్వమే ఆ భూమిని ఇస్తే? గనికి, ఫ్యాక్టరీకి లీజుకిస్తే? ఆ తలుపు మూసింది బొర్రా.

విశాఖ మన్యంలో అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ. గుహలు చూడటానికి మనందరం రైలెక్కి వెళ్లిన ఊరే. ఆ చుట్టుపక్కల, నిమ్మలపాడులోనూ, కాల్సైట్ లాంటి ఖనిజాల కోసం ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. సమత అనే సంస్థ గిరిజనుల తరఫున హైకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరు అవునని, ఒకరు కాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గుండెకాయ చాలా చిన్న మాట. భూబదిలీ నిబంధనలో 'వ్యక్తి' అన్న పదంలో ప్రభుత్వం కూడా ఉంటుంది. అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే, గిరిజనేతరుడికి లీజుకివ్వడం బదిలీ కిందికే వస్తుంది, కనుక చెల్లదు. గని తవ్వాలనుకుంటే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వాలి. తవ్వినా నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకు, బడులకు, ఆస్పత్రులకు, రోడ్లకు పెట్టాలి. ఒక్క పదానికి అర్థం చెప్పడంతో కొండలు నిలబడ్డాయి. ఈ తీర్పును చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

బొర్రా కేసు కోర్టులో ఉండగానే ఢిల్లీలో ఇంకో పని జరిగింది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ప్రాణం పోసింది కానీ షెడ్యూల్డ్ ప్రాంతాలను పక్కన పెట్టింది. అక్కడి ఊళ్లకు వేరే పద్ధతి కావాలని దిలీప్ సింగ్ భూరియా కమిటీ 1995లో నివేదిక ఇచ్చింది. బస్తర్‌లో కలెక్టరుగా చేసిన బి.డి. శర్మ, గిరిజన సంఘాలు ఆ మాట కోసం ఊరూరా తిరిగారు. 'మావ నాటే మావ రాజ్' అన్న గోండి నినాదం, మా ఊళ్లో మా రాజ్యం అని, గోదావరి రెండు గట్ల మీదా వినబడింది. 1996 డిసెంబరు 24న పార్లమెంటు చట్టం చేసింది. దాని ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలతో మనం పెసా అంటున్నాం.

పెసాలో ఊరు అంటే పంచాయతీ ఆఫీసు కాదు. ఒక గూడెం, లేదా కొన్ని గూడేల కూడిక, తమ ఆచారం ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే జనం. ఆ ఊళ్లోని ఓటర్లందరూ గ్రామసభ. ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి దానిది. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలది. భూమి సేకరించే ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలి. పంచాయతీ అధ్యక్ష పదవులన్నీ గిరిజనులవే. మొదటిసారి ఒక చట్టం దొరను వదిలి చింతచెట్టు కిందికి వచ్చి కూర్చుంది.

కానీ ఆ సంప్రదింపు వాక్యంలోని 'లేదా' అన్న ముక్క ఎంత పని చేసిందో చూడాలి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన పంచాయతీరాజ్ చట్టాన్ని పెసాకు తగినట్టు మార్చుకున్నప్పుడు, భూసేకరణ ముందు సంప్రదించాల్సింది మండల పరిషత్‌ను అని రాసుకుంది. గూడేనికి, మండల పరిషత్‌కూ మధ్య ఎన్ని వాగులు, ఎన్ని కిలోమీటర్లు! చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో లోపలి గూడెం నుంచి మండల కేంద్రానికి రావాలంటే వానాకాలంలో ఒక రోజు పోతుంది. పెసా నిబంధనలు మన రాష్ట్రంలో వచ్చింది 2011లో, చట్టం పుట్టిన పదిహేనేళ్లకు. అప్పటికి పోలవరం పనులు మొదలై ఏళ్లు గడిచాయి.

ఈ ప్రాంతపు స్థానిక పాలన ఎంత ప్రత్యేకమైనదో ఒక ఉదాహరణ చెబుతాను. దాదాపు 50 వేల జనాభా ఉన్న భద్రాచలం ఇప్పటికీ గ్రామపంచాయతీయే. లక్షల మంది సీతారాముల కల్యాణానికి వచ్చే ఊరికి సర్పంచే పెద్ద. పట్టణాల పాలన గురించిన రాజ్యాంగ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు కనుక అలా ఉంది. వరద వస్తే ఈ పంచాయతీకి దిక్కు తోచదు. 1986లో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, 2022 జూలైలో 71.3 అడుగులు. 43 అడుగులకే మొదటి హెచ్చరిక మోగే ఊరిది. వానాకాలంలో ఇంటి గడపలో గోదావరి, ఎండాకాలంలో పది మైళ్ల లోపలి గూడెంలో చెలమ. నీటి సమస్య అంటే ఇక్కడ ఈ రెండూ.

పెసా 'సంప్రదించాలి' అంది. 'ఒప్పుకోవాలి' అన్న మాట అడవి వైపు నుంచి వచ్చింది. 2006లో అటవీహక్కుల చట్టం వచ్చింది. అడవిని వేరే పనికి మళ్లించాలంటే ఆ ఊరి గ్రామసభ ఒప్పుకున్నట్టు తీర్మానం జతచేయాలని 2009 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ రాష్ట్రాలకు రాసింది. ఆ చట్టం, ఆ ఉత్తరం కలిసి నియంగిరిని కాపాడాయి. మన శ్రీకాకుళం కొండల అవతల, ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలని వేదాంత కంపెనీ చూసింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గ్రామసభలే చెప్పాలంది. ఆ జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో జిల్లా జడ్జీల సమక్షంలో సభలు జరిగాయి. ఆ కొండ మీది డోంగ్రియా కోందులు ఒక్కొక్కరే లేచి మా నియమరాజు కొండ ఇవ్వమన్నారు. పన్నెండుకు పన్నెండు సభలూ వద్దన్నాయి. కొండ నిలిచింది.

1879లో తుపాకీతో చెప్పాల్సి వచ్చిన 'వద్దు'ను 2013లో సంతకంతో, వేలిముద్రతో చెప్పగలిగారు. ఆ దూరం అంతటినీ తలుచుకుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి.

సరిగ్గా అదే 2013లో గొట్టం జారిపోయింది.

ఆ ఏడాది ఫిబ్రవరి 5న అదే పర్యావరణ శాఖ ఇంకో ఉత్తరం రాసింది. రోడ్లు, కాలువలు, పైపులైన్లు, కరెంటు లైన్ల లాంటి, అనేక ఊళ్ల గుండా గీతలా సాగిపోయే పనులకు గ్రామసభ సమ్మతి అక్కర్లేదన్నది దాని సారం. ఆదిమ గిరిజన తెగల హక్కులు దెబ్బతినే చోట మాత్రం మినహాయింపు. ఆలోచించి చూస్తే దీని వెనక లెక్క అర్థమవుతుంది. గని ఒకచోట ఉంటుంది, ఆ ఊరిని అడగొచ్చు. గొట్టం వంద ఊళ్ల మీదుగా పోతుంది, ఒక్క ఊరు కాదంటే మొత్తం ఆగుతుంది. కనుక ఎవరినీ అడగవద్దు. ఒక ఊరిని దెబ్బతీసే పనికి ఆ ఊరి మాట కావాలి, వంద ఊళ్లను తాకే పనికి ఏ ఊరి మాటా వద్దు. ఈ తర్కాన్ని నేను ఎంత ప్రయత్నించినా ఒప్పుకోలేకపోతున్నాను.

అదే ఏడాది కొత్త భూసేకరణ చట్టం పాసయింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి తప్పనిసరి అని అందులో రాశారు. ఎంతో మంచి మాట. కానీ చట్టం చివర నాలుగో షెడ్యూల్ ఉంది. ఈ 13 చట్టాలకు మా నియమాలు వర్తించవు అనే జాబితా అది. అందులో ఒకటి 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం. 2015 ఆగస్టులో కేంద్రం పరిహారం, పునరావాసం వరకు ఆ జాబితాలోని చట్టాలకూ వర్తింపజేసింది. సమ్మతి మాట ఆ ఉత్తర్వులో లేదు.

ఇప్పుడు ఆ 1962 చట్టం దగ్గరికి వద్దాం, ఎందుకంటే చెలమ కథ అక్కడే తేలుతుంది. గుజరాత్‌లో, అస్సాంలో కొత్తగా దొరికిన చమురును శుద్ధి కర్మాగారాలకు చేర్చడానికి చేసిన చట్టం అది. మన షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ మొదలై అప్పటికి మూడేళ్లే. గ్రామసభను అడగాలన్న ఆలోచన ఆ చట్టంలో లేదు. అది భూమిని తీసుకోదు, 'వాడుక హక్కు' మాత్రం తీసుకుంటుంది. పట్టా మీదే, పాసుపుస్తకం మీదే, దున్నుకోవచ్చు. నేల కింద గొట్టం వాళ్లది. గెజిట్‌లో ప్రకటన వచ్చాక 21 రోజుల్లో, ఆ భూమిలో హక్కు సంబంధం ఉన్నవాళ్లు అభ్యంతరం చెప్పుకోవచ్చు. నష్టపరిహారం కాక, వాడుక హక్కుకు భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారని చట్టంలో రాశారు.

గొట్టం ఎక్కడ వేయకూడదో కూడా ఉంది. నివాసం ఉన్న నేల కింద వేయకూడదు. శాశ్వత కట్టడం ఉన్నచోట వేయకూడదు. ఇంటికి ఆనుకుని ఉన్న స్థలంలో వేయకూడదు. ఒక మీటరు కంటే తక్కువ లోతులో వేయకూడదు. ఇప్పుడు వాగులోని చెలమను ఈ నాలుగింటి పక్కన పెట్టి చూడండి. అది నివాసం కాదు. ప్రతి వానాకాలం కొట్టుకుపోయి ప్రతి ఎండాకాలం మళ్లీ తవ్వే గుంట శాశ్వత కట్టడం కాదు. ఇంటికి ఆనుకుని లేదు. ఆ నీళ్లు తోడుకునే ఆవిడకు ఆ వాగులో పట్టా లేదు. కేంద్ర గెజిట్ హిందీలో, ఇంగ్లీషులో అచ్చవుతుంది. ఆవిడ మాట్లాడేది కోయ. 21 రోజులు గడిచిపోతాయి.

ఇంకో నియమం ఉంది, అది పట్టా ఉన్న రైతుకు తగిలేది. వాడుక హక్కు తీసుకున్నాక ఆ నేల మీద ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు. గొట్టం భద్రతకు అది అవసరమే, కాదనను. కానీ పాతాళానికి పోయిన బోర్లతో, నాలుగెకరాల్లో ఎక్కడో ఒకచోట నీళ్లు పడతాయేమోనని ప్రతి ఏడాదీ కొబ్బరికాయ పట్టుకుని తిరిగే రైతుకు, "మరి నేను బాయి యాడ తవ్వుకోవాలె సారూ?" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. పైపులైను గురించిన పల్లె అభ్యంతరం చాలాసార్లు గ్యాస్ గురించి కాదు, నీళ్ల గురించి.

గ్యాస్ నిజంగానే ఇటువైపు వచ్చింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో 2002లో పెద్ద నిక్షేపం దొరికాక, కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా ఒక లైను పడింది. మల్లవరం నుంచి భోపాల్ మీదుగా రాజస్థాన్‌లోని భిల్వాడా వరకు ఇంకో లైనుకు 2011లో అనుమతి వచ్చింది. దాని మొదటి ముక్క పశ్చిమగోదావరి కుంచనపల్లి నుంచి పాత ఖమ్మం జిల్లా మీదుగా రామగుండం ఎరువుల కర్మాగారం దాకా పడింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా చేయగల కర్మాగారం అది, 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఖమ్మం రైతు బస్తా యూరియా కోసం వరుసలో నిలబడేవాడే కనుక, ఆ గ్యాస్ ఎవరికో పరాయివాళ్లకు పోతోందని అనడం సరికాదు. గ్యాస్ అవసరమే. దారిని ఎవరితో మాట్లాడి గీశారన్నదే నా ప్రశ్న.

గొట్టం వేసేటప్పుడు నీళ్లకు ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. కొండవాలు మీద అడ్డంగా కందకం తవ్వి, గొట్టం దించి, మట్టి పూడుస్తారు. పూడ్చిన మట్టి పక్క నేల కంటే వదులుగా ఉంటుంది. వాలు మీద ఊటనీరు తన పాత దారి వదిలి ఆ కందకం వెంట జారిపోతుంది. దాన్ని ఆపడానికి అక్కడక్కడా ఇసుక బస్తాలతోనో గట్టి మట్టితోనో కందకంలో అడ్డుకట్టలు వేయాలి. మంచి ఇంజనీర్లు వేస్తారు. ఎక్కడ వేయాలో చెప్పగలిగింది ఊట ఎటు నుంచి వస్తుందో తెలిసినవాళ్లు. తరువాత గ్యాస్ వదిలే ముందు గొట్టాన్ని నీళ్లతో నింపి, ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. 18 అంగుళాల గొట్టమైతే ఒక్క కిలోమీటరుకు దాదాపు లక్షన్నర లీటర్లు పడతాయి. మనిషికి రోజుకు 55 లీటర్లన్నది పల్లెల మంచినీటికి కేంద్రం పెట్టుకున్న లెక్క. ఆ లెక్కన ఆ లక్షన్నర లీటర్లు 200 మంది గూడేనికి రెండు వారాల నీళ్లు. ఆ నీళ్లు ఏ వాగు నుంచి తోడతారు, వాడాక ఎక్కడ వదులుతారు? ఇది గ్రామసభలో లేవాల్సిన ప్రశ్న.

పరీక్షలు, జాగ్రత్తలు ఎంత ముఖ్యమో మనకు 2014 జూన్ 27 చెప్పింది. తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో తెల్లవారుజామున గెయిల్ గొట్టం నుంచి కారిన గ్యాస్‌కు నిప్పంటుకుని 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయి నిలబడ్డ ఆ ఫోటోలు చూసిన ఏ తెలుగువాడికైనా, ఊరు భయపడటంలో అర్థం ఉందని చెప్పనక్కర్లేదు.

వద్దన్న ఊళ్లు లేవా అంటే ఉన్నాయి. కొచ్చి నుంచి బెంగళూరుకు గెయిల్ వేసే లైను తమిళనాడులో ఏడు జిల్లాల పొలాల గుండా పోతుందన్నప్పుడు అక్కడి రైతులు కలిసికట్టుగా అడ్డుపడ్డారు. ఆ జిల్లాల్లో చివరిది కృష్ణగిరి, తరతరాలుగా తెలుగు మాట్లాడే రైతులున్న నేల. మా పొలాలు వదిలి హైవే పక్కనుంచి వేయండన్నారు. 2013లో తమిళనాడు ప్రభుత్వమే వాళ్ల మాటను తన మాటగా చేసుకుని, లైను దారి మార్చాలని గెయిల్‌కు చెప్పింది. 2016 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ ప్రభుత్వ వాదనను తోసిపుచ్చింది. పైపులైను దారి నిర్ణయించే అధికారం కేంద్ర చట్టానిది, రాష్ట్రం ఆపలేదు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి అన్న 'వద్దు'కే 1962 చట్టం ముందు బలం లేకపోతే, అశ్వారావుపేట అడవిలో ముప్ఫై గడపల గూడెం అన్న మాటకు ఏం బలం ఉంటుంది?

ఇక్కడే ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. 2013 ఫిబ్రవరి ఉత్తరంలో ఆదిమ తెగల మినహాయింపు ఉందన్నాను కదా. మన సరిహద్దు అడవిలో ఆ తెగ ఉంది. కొండరెడ్లు ఆదిమ తెగగా గుర్తింపు పొందినవాళ్లు. అశ్వారావుపేట, దమ్మపేట కొండల్లో, గోదావరి అవతల చింతూరు, వి.ఆర్.పురం వైపు వాళ్ల పల్లెలున్నాయి. వాళ్లకు అటవీహక్కులు గుర్తించి పత్రాలు ఇచ్చిన చోట, ఆ ఉత్తరం ప్రకారం గీతలా సాగే పనికి కూడా గ్రామసభను అడగాల్సిందే. అంటే కొండరెడ్ల హక్కుపత్రాలు ఇప్పించడం, ఊరి ఉమ్మడి వనరులుగా చెలమలను, ఊటలను, వాగులను పేరుపేరునా రాయించడం ఈ రోజు చేయగల పని. ఏ గొట్టమూ రాకముందే చేయాల్సిన పని. ఆ పని గ్రామసభ నుంచి జిల్లా కమిటీ దాకానే నడుస్తుంది, ఢిల్లీ వెళ్లక్కర్లేదు. 2005 నుంచి ఛత్తీస్‌గఢ్ హింసకు తట్టుకోలేక వచ్చి ఈ అడవుల్లో గుడిసెలేసుకున్న గుత్తికోయల సంగతి ఇంకా కష్టం. గిరిజనులే అయినా చాలామందికి ఇక్కడ గిరిజన ధ్రువపత్రం దక్కదు. రిజర్వు ఫారెస్టులో ఉన్నందుకు వాళ్ల గుంపుల్లో బోరు వేయడం కూడా గగనమే. చెలమ మీద అందరికంటే ఎక్కువ ఆధారపడ్డవాళ్లు వాళ్లే.

ఇంకొకటి చెప్పాలి, ఈ మొత్తం కథలో నన్ను బాగా కలచివేసింది అదే. అటవీహక్కుల చట్టంలో 3(2) సెక్షన్ ఉంది. ఊరి అవసరాల కోసం అడవి భూమి వాడుకోవడానికి 13 రకాల పనుల జాబితా అది. బడి, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, రోడ్డు. ఆ జాబితాలో తాగునీటి గొట్టాలు కూడా ఉన్నాయి. ఒక్కో పనికి హెక్టారుకు మించకూడదు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు తప్పనిసరి. 2009 మే నుంచి ఆ దరఖాస్తుకు ఒక ఫారం ఉంది. అంటే అదే అడవిలో, అదే వాగు పక్కన, గూడేనికి రెండంగుళాల మంచినీళ్ల గొట్టం వేయాలంటే ఊరంతా కూర్చుని తీర్మానం రాయాలి. గ్యాస్ గొట్టానికి ఆ తీర్మానం అడగరు.

ఆ తీర్మానాల పుస్తకాన్ని మీరెప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? గోధుమరంగు అట్ట, మధ్యలో ఎర్ర గీత, పేజీల అంచులు చేతి చెమటకు మెత్తబడి ఉంటాయి. తేదీ, స్థలం, హాజరైనవారి సంఖ్య, తరువాత కార్యదర్శి చేతిరాతలో నాలుగు వాక్యాలు, వాటి కింద సంతకాలు. కొన్ని సంతకాలు వంకరటింకరగా, అక్షరాలు నేర్చుకున్న ఏడాదిలో పెట్టినట్టు ఉంటాయి. మిగతావి నీలి వేలిముద్రలు. నియంగిరిలో చట్టం గెలిచింది అలాంటి పేజీల మీదే. ఈ ఎండాకాలం భద్రాచలం అడవి అంచున ఏ పంచాయతీలో గ్రామసభ పెట్టినా, ఎజెండాలో ఒక వాక్యం చేర్చమని అడుగుతాను. మా గూడెంలో చెలమలు ఎన్ని, ఏ వాగులో ఎక్కడున్నాయి. పేర్లు చెప్పగలిగినవాళ్లు ఆ సభలో కూర్చునే ఉంటారు, చాలావరకు ఆడవాళ్ల వైపు.